టేపక్క కొలత

టేపక్క మెడలో టేపు లేకుండా మా వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వంట చేస్తున్నా, కూరగాయలు బేరమాడుతున్నా, పక్కింటావిడతో పోట్లాడుతున్నా ఆ పసుపుపచ్చ గుడ్డ టేపు రెండు భుజాల మీదుగా వేలాడుతూనే ఉంటుంది. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. మనిషి మంచిదే. కాకపోతే కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ టేపు గురించి ఎవరైనా పొరపాటున ఓ మాట అన్నారో, ఇక ఆ పూటకి వాళ్ల పని అయిపోయినట్టే.

ఇంటి ముందుగది కుట్టు షాపు, వెనక వంటిల్లు, మధ్యలో ఒక తెర. షాపులో పని ఇద్దరిది. మనిషిని కొలిచేది టేపక్క, గుడ్డను కత్తిరించేది ఆమె ఆడపడుచు, అంటే భర్త చెల్లెలు. కటింగ్ టేబుల్ అంచుకి ఒక ఇనుప స్కేలు మేకులతో బిగించి ఉంటుంది. దానికి ఆనించి గీత గీస్తే తప్ప ఆడపడుచు చేతిలో కత్తెర కదలదు. "కొలత చెప్పు వదినా" అని ఆమె అడిగేది, టేపక్క అంకెలు అరిచి చెప్పేది, ఆమె మారు ప్రశ్న లేకుండా గీసుకునేది. ఏళ్ల తరబడి షాపు అలాగే నడిచింది.

పోయిన వానాకాలం ఆ టేపు విడిచిన బట్టలతో పాటు సబ్బునీళ్లలో పడి ముడతలు ముడతలుగా బయటికొచ్చింది. కొత్తది కొనుక్కోవచ్చు. కానీ అది టేపక్కకి పని నేర్పిన పెద్దావిడ ఇచ్చిన టేపు. అందుకని రోజూ షాపు కట్టేసే ముందు దాన్ని మేకుకి తగిలించి, కింది చివర బరువైన కత్తెర కట్టి వేలాడదీయించేది. కొన్నాళ్లకి ముడతలన్నీ పోయాయి. "చూడండి, ఇస్త్రీ చేసినట్టు లేదూ?" అని వచ్చిన ప్రతివాళ్లకీ చూపించుకుని మురిసిపోయింది.

గొడవ ఆ తర్వాతే మొదలైంది. కుట్టిన బట్టలు బిగుతుగా రాసాగాయి. ఒక చొక్కా చంకల్లో పట్టేస్తుంది, ఒక గౌను నడుం దగ్గర ఊపిరాడనివ్వదు. వేసుకున్నవాళ్లే లావెక్కారని మొదట్లో అందరూ అనుకున్నారు, ఆ వేసుకున్నవాళ్లతో సహా. కానీ వీధి వీధంతా ఒక్కసారిగా లావెక్కదు కదా! చివరికి ఒకరోజు సంగీతం టీచరు కొత్త కోటు తొడుక్కుని గుండీ పెట్టుకోబోతే, అది తెగి వెళ్లి అద్దానికి తగిలింది. షాపులో అప్పుడు మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో ఒకావిడ కిసుక్కున నవ్వింది.

"నా కొలత తప్పదు," అంది టేపక్క. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "గుడ్డ మిగుల్చుకుని సంచులు కుట్టుకునేవాళ్లకి ఎవరి కోటు పడితే ఎంత, పట్టకపోతే ఎంత?" అంది.

ఆడపడుచు కోయగా మిగిలిన గుడ్డముక్కలతో చిన్న చిన్న సంచులు కుట్టే మాట నిజమే. అందరి ముందే కుడుతుంది, అడిగినవాళ్లకి ఊరికే ఇస్తుంది. సంగీతం టీచరు చేతిలో అప్పుడున్న సంచి కూడా ఆమె ఇచ్చిందే. ఆడపడుచు మొహం తెల్లగా పాలిపోయింది. "నువ్వు చెప్పిందే గీశాను వదినా. గీసిందే కోశాను," అంది. కత్తెర టేబుల్ మీద పెట్టి, తెర అవతలికి వెళ్లి, బట్టలు సర్దుకుని వెనక తలుపు గుండా వెళ్లిపోయింది. ఇప్పుడు బజారు చివర కర్టెన్ల షాపులో పని చేస్తూ, ఆ షాపు పైగదిలోనే ఉంటోంది.

ఆమె వెళ్లిపోయాక కత్తిరించే పని కూడా టేపక్క మీదే పడింది. ఇనుప స్కేలు ఆమెకి అలవాటు లేదు. మెడలో టేపు ఉండనే ఉంది, దాంతోనే గుడ్డ మీద కొలుచుకుని కోసేది. ఆ తర్వాత ఒక్క బట్ట కూడా బిగుతు కాలేదు. అన్నీ ఒంటికి అతికినట్టు కుదిరాయి.

"ఇంకేం సాక్ష్యం కావాలండీ మీకు?" అని భర్తని నిలదీసింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య బతికేవాడు కాబట్టి ఇంట్లో అరుపులకి పెద్దగా చలించడు. "నేను చూసేది రోడ్డే కానీ కోట్లు కాదు కదా," అని ఊరుకున్నాడు. కానీ భోజనం దగ్గర కూర్చున్నప్పుడల్లా చెల్లెలి కుర్చీ వైపు చూడటం మాత్రం మానలేదు.

రాయబారం కూడా ఆయనే నడిపాడు. చెల్లెలు ఒకటే అడిగింది. వదిన తనకేమీ క్షమాపణ చెప్పక్కర్లేదు, ఎవరి ముందు తనని దొంగని చేసిందో వాళ్ల ముందు కాదని ఒక్కమాట అంటే చాలు. టేపక్క ససేమిరా అంది. క్షమించమంటే క్షమిస్తుందట కానీ అబద్ధం ఆడదట. చివరికి ఆదివారం భోజనానికి రావడానికి మాత్రం ఆడపడుచు ఒప్పుకుంది. ఆ పూట మాటలు కలిస్తే సరే. కలవకపోతే కర్టెన్ల షాపువాళ్లు వేరే ఊళ్లో తెరుస్తున్న బ్రాంచికి వెళ్లిపోతానంది. వెళ్తే మరి తిరిగి రాదు, ఆ సంగతి అన్నకి తెలుసు, వదినకీ తెలుసు.

టేపక్క ఆ ఆదివారానికి రెండు సిద్ధం చేసుకుంది. ఒకటి, ఒక వాక్యం. "పోనీలే అమ్మా, జరిగిందేదో జరిగింది, నేనేం మనసులో పెట్టుకోలేదు." దాన్ని అద్దం ముందు నిలబడి నాలుగైదు రకాలుగా అని చూసుకుంది. రెండోది, వంటింటి గోడ. పొయ్యి వెనక గోడ నిండా ఏళ్ల నాటి నూనె మరకలు. తోమితోమి చేతులు అరగదీసుకున్నది ఆడపడుచే. "టైల్స్ వేయించు వదినా, నీకు పుణ్యముంటుంది" అని ఎన్నిసార్లు అడిగిందో. ఇప్పుడు వేయిస్తే తన పెద్దమనసు ఎంతటిదో గోడే చెబుతుందని టేపక్క లెక్క.

టైల్స్ మేస్త్రీ గురువారం వచ్చాడు. చెయ్యి కంటే నోరు ముందు నడిచే మనిషి. ఎంత పెద్దవాళ్ల ఇళ్లలో ఎంతెంత గోడలు కట్టాడో చెప్పుకుంటూ సంచిలోంచి ఇనుప టేపు తీసేసరికి, టేపక్క అప్పటికే తన టేపు పొయ్యి గట్టు మీద పరిచేసింది. కిటికీ వైపు గోడమూల నుంచి అరవై అంగుళాల దగ్గర సుద్దతో గీత పెట్టింది, అక్కణ్నుంచి అవతలి మూల దాకా ఇంకో యాభై నాలుగు.

"తొమ్మిదిన్నర అడుగులు. ఆరంగుళాల టైలైతే వరసకి పంతొమ్మిది. నాలుగు వరసలు. ముక్క కోసే పనే లేదు, అన్నీ నిండు టైల్సే," అంది.

"ఒకసారి నేను కూడా కొలుచుకుంటానక్కా."

"ఎందుకూ?"

"అలవాటు."

"నా కొలత మీద మళ్లీ కొలతా? నేను మనుషుల్ని కొలుస్తాను నాయనా. మనుషులు కదుల్తారు, నవ్వుతారు, పొట్ట లోపలికి లాక్కుంటారు. కదలని గోడని కొలవలేనా?"

మేస్త్రీ టేపు సంచిలో పడేశాడు. "సరే, గోడ మీది, పొట్ట మీది. పదికొకటి చొప్పున అదనంగా కొనండి చాలు. విరుగుతాయి, తక్కువ పడతాయి."

"జానెడు గుడ్డ వృథా చేయను నేను. టైల్స్ వృథా చేస్తానా?" అంది టేపక్క. విరిగేవాటికని ఒక నాలుగు మాత్రం కలిపి తెప్పించింది. తెల్లటి టైల్స్, అంచున సన్నటి నీలిగీత. ఆడపడుచుకి నీలం ఇష్టం. ఆ మాట ఎవరితోనూ అనలేదు కానీ, షాపులో ఆకుపచ్చవి చవగ్గా వస్తాయన్నా వద్దంది.

శనివారం పొద్దున మేస్త్రీ సిమెంటు కలపకముందే ఒక వరస టైల్స్ గట్టు మీద ఊరికే పేర్చి చూశాడు. కిటికీ మూల నుంచి మొదలుపెట్టి, అంచుకి అంచు ఆనించుకుంటూ పోయాడు. పంతొమ్మిదోది పెట్టాక వెనక్కి తిరిగి టేపక్క వైపు చూశాడు. టైలుకీ గోడమూలకీ మధ్య మూడంగుళాలు ఖాళీ. మూడు వేళ్లు సుఖంగా పడతాయి.

"సందులు వదిలి పేర్చుంటావు," అంది టేపక్క.

"సందులు వదిలితే ఇంకా ముందుకి రావాలక్కా, వెనక్కి పోదు."

"అయితే ఆ షాపువాడు చిన్న టైల్స్ అంటగట్టాడు." ఒక టైలు లాక్కుని దాని మీద టేపు పెట్టింది. టైలు ఆరు దగ్గరికి రానేలేదు, గీతన్నర ముందే ఆగిపోయింది. "చూశావా! ఆరంగుళాలని చెప్పి ఆరుకి తక్కువది ఇచ్చాడు. పద, వాడి సంగతి చూద్దాం!"

మేస్త్రీ తన ఇనుప టేపు ఆ టైలు మీదే పెట్టాడు. నిక్కచ్చిగా ఆరు. తర్వాత రెండు టేపులూ గట్టు మీద పక్కపక్కన పరిచాడు. మొదట్లో అంకెలు కలిసే నడిచాయి. పోనుపోను పసుపు టేపు అంకెలు కొంచెం కొంచెంగా ముందుకి జరుగుతూ వచ్చాయి. పసుపు టేపు అరవై దగ్గర ఆగేసరికి ఇనుప టేపు అరవై ఒకటిన్నర చూపిస్తోంది.

"మీ టేపు సాగిందక్కా!" అని మేస్త్రీ పడీ పడీ నవ్వాడు. "వయసొస్తే ఎవరైనా సాగుతారు, టేపెంత?"

టేపక్క కూడా నవ్వబోయింది. సగంలో ఆగిపోయింది. టేపు లాక్కుని, తెర తొలగించుకుని షాపులోకి వచ్చి, కటింగ్ టేబుల్ మీద ఇనుప స్కేలు పక్కన పరిచింది. స్కేలు నలభై అన్నచోట టేపు ముప్పై తొమ్మిది అంది. తిప్పి పరిచింది. మళ్లీ అదే.

సంగీతం టీచరు ఛాతీ ముప్పై ఎనిమిది. సాగిన టేపు దాన్ని ముప్పై ఏడంది. తను ముప్పై ఏడని అరిచింది. ఆడపడుచు నమ్మి, ఈ ఇనుప స్కేలుకి ఆనించి, సరిగ్గా ముప్పై ఏడుకే కోసింది. ఆ తర్వాత తను సాగిన టేపుతోనే మనిషిని కొలిచింది, సాగిన టేపుతోనే గుడ్డని కొలిచింది, తప్పులో తప్పు కలిసిపోయి బట్టలు కుదిరాయి. ఆ కుదరడాన్నే సాక్ష్యమని చాటుకుంది.

టేపక్కకి తల కొట్టేసినట్టయింది. కూర్చోవడానికి ఆడపడుచు స్టూలు తప్ప దగ్గర్లో ఏదీ లేదు. దాని మీద కూర్చోలేక నిలబడే ఉంది. "సంచులు కుట్టుకునేవాళ్లకి" అని తను అన్న గొంతు తనకే వినిపించింది. ఆ గొంతు ఎంత తాపీగా ఉందో, ఎంత బాగా కుదిరిందో కూడా గుర్తొచ్చింది. ఆ మాట అన్నందుకు ఆ పూట తను కొంచెం సంబరపడింది కూడా. ఇప్పుడు ఆ సంబరం తలుచుకుంటే చెవులు వేడెక్కాయి.

అందరికీ వచ్చే ఆలోచనే ఆమెకీ వచ్చింది, దాచడం దేనికి. సందు చివర కొత్త టేపు దొరుకుతుంది. పాతది పొయ్యిలో పెడితే సరి. మేస్త్రీకి ఇది టైల్స్ తగ్గిన సంగతి మాత్రమే, కోటు సంగతి తెలియదు. భర్త అడగడు. రేపు ఆ వాక్యం అనేస్తే ఆడపడుచు తల వంచుకుని వచ్చేస్తుంది, షాపు మళ్లీ నడుస్తుంది, ఎవరి పరువూ పోదు. వాక్యం ఒకసారి నెమ్మదిగా అని చూసుకుంది. "పోనీలే అమ్మా, జరిగిందేదో జరిగింది, నేనేం మనసులో..." దగ్గర ఆగిపోయింది. ఎవరిని ఎవరు క్షమిస్తున్నారని? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అక్కా! ఏం చేయమంటారు? ముక్కలు కోసి అతికించెయ్యనా?" అని లోపల్నుంచి మేస్త్రీ కేకేశాడు.

"నేను వచ్చేదాకా ఏదీ అంటించకు," అని చెప్పులేసుకుంది.

బజారంతా నడుస్తూ ఆమె అనుకున్నది ఒకటే. ఆడపడుచుని పక్కకి పిలిచి, ఎవరూ వినకుండా చెప్పేసి, చేతులు పట్టుకోవాలి. కర్టెన్ల షాపులో ఆడపడుచు కింద కూర్చుని ఒళ్లో పచ్చటి కర్టెను వేసుకుని అంచు కుడుతోంది. మనిషి చిక్కింది. వదినని చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది. షాపతను గల్లా దగ్గర ఉన్నాడు, ఒక జంట గుడ్డలు ఏరుకుంటోంది.

"ఒక్కసారి బయటికి రామ్మా. మాట్లాడాలి."

"పర్లేదు వదినా, ఇక్కడే చెప్పు."

టేపక్క ఆ జంట వైపు చూసింది. ఆ రోజు షాపులో ఆడపడుచు కూడా ఇలాగే చుట్టూ ఉన్నవాళ్లని చూసి ఉంటుంది. మెడలోంచి టేపు తీసి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఇది సాగింది. అరవైకి ఒకటిన్నర అంగుళం. నేను చెప్పిన కొలతలన్నీ తప్పు. కోటు తప్పు నీది కాదు, నాది. గుడ్డ సంగతి... అది నేను నోటికొచ్చినట్టు అన్నాను."

గుడ్డలు ఏరుకుంటున్నవాళ్లు ఏరడం ఆపేశారు. ఆడపడుచు టేపు తీసుకెళ్లి, గల్లా బల్ల మీద ఉన్న ఇనుప గజంబద్ద పక్కన పరిచింది. వేలితో అంకెల వెంట నడుచుకుంటూ చివరిదాకా పోయింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. తిడుతుందనుకుంది టేపక్క. తిడితే బాగుండనే అనుకుంది.

"నా కళ్లు పోయాయనుకున్నాను వదినా," అంది ఆడపడుచు, టేపు మీంచి చూపు తిప్పకుండా. "కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. బాగానే ఉన్నాయన్నాడు. అయితే చెయ్యి వణుకుతోందేమో అనుకున్నాను. పాత పేపర్ల మీద గీతలు గీసి కొలుచుకునేదాన్ని. సరిగ్గానే వచ్చేవి. అయినా ధైర్యం చాల్లేదు. ఇక్కడ కటింగ్ చెయ్యమన్నా వద్దన్నాను, అంచులు కుడతాలే అన్నాను." షాపతను అవునన్నట్టు తల ఊపాడు. "నీ టేపు తప్పేమో అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు."

టేపక్కకి అప్పుడు అర్థమైంది. దొంగ అన్న మాటని ఆ పిల్ల ఎప్పుడూ నమ్మలేదు, దాన్ని భరించింది. కానీ వదిన కొలతని నమ్మి తన చేతిని తనే వదులుకుంది. టేపక్క తీసుకున్నది అదీ.

"అయినా రోజూ దానికి కత్తెర కట్టి వేలాడదీసింది నేనే కదా," అంది ఆడపడుచు ఉన్నట్టుండి. "బరువు ఎక్కువైందని నాకైనా తెలియాల్సింది."

"వద్దు!" టేపక్క కేకకి షాపతను ఉలిక్కిపడ్డాడు. "వేలాడదీయమంది నేను. అది కూడా నీ నెత్తిన వేసుకోకు. నీకు దణ్ణం పెడతాను, అది వేసుకోకు." అప్పుడు ఏడుపొచ్చింది. చేతికి కొంగూ అందలేదు, రుమాలూ లేదు, ఆ పచ్చ కర్టెనుతోనే మొహం తుడుచుకుంది. ఆడపడుచు వారించలేదు, ఓదార్చనూ లేదు. ఏడవడం అయ్యేదాకా ఊరుకుంది.

"రేపు భోజనానికి రానులే వదినా. అన్నయ్యతో చెప్పు. సోమవారం వస్తాను, షాపు తెరిచాక. ఆ రోజు ఎవరెవరున్నారో వాళ్లని పిలు."

"పిలుస్తాను."

"ముగ్గుర్నీ."

"ముగ్గుర్నీ," అంది టేపక్క.

ఆదివారమంతా ఆమె అన్నం సరిగా తినలేదు. సంగతి విన్న భర్త చెల్లెలి కుర్చీ వైపు చూశాడు. తర్వాత, "బస్సు తప్పు దారిలో పోతే వెనక్కి తిప్పుకోవచ్చోయ్. ఎక్కినవాళ్లు తిట్టుకుంటారు, అంతే," అన్నాడు. ఆయన దగ్గరున్న ఓదార్పు అంతే.

సోమవారం ముగ్గురూ వచ్చారు. ఆడపడుచు గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. టేపక్క ముందుగా తయారు చేసుకున్న వాక్యం ఏదీ లేదు. తలెత్తితే మొహం చెల్లదని టేబుల్ వైపు చూస్తూ మొదలుపెట్టి, మధ్యలో బలవంతాన తలెత్తి, వాళ్ల మొహాలు చూసే చెప్పింది. "గుడ్డ ఎవరూ తీయలేదు. నా టేపు సాగింది. నేను చూసుకోకుండా ఈ పిల్లని మీ అందరి ముందూ దొంగని చేశాను. దొంగతనం అంటూ జరిగితే పోయింది ఈమె మంచిపేరే, దొంగిలించింది నేను."

ఆ రోజు నవ్వినావిడ తన చెప్పుల వైపు చూసుకుంది. సంగీతం టీచరు మాత్రం గుండెల మీద చెయ్యేసుకుంది. "అంటే నేను లావెక్కలేదా? ఆ కోటు దెబ్బకి రాత్రి భోజనం మానేశాను కదమ్మా! ఆకలితో పాఠం చెబుతుంటే శ్రుతి తప్పుతోందని పిల్లలు నవ్వుతున్నారు!"

గుమ్మంలోంచి ఒక నవ్వు వినబడింది. ఆడపడుచు నవ్వు. టేపక్క నవ్వలేదు, ఇంకా తనకి ఆ హక్కు రాలేదనిపించింది.

ఆడపడుచు లోపలికి వచ్చింది. తెర పక్కకి లాగి వంటింటి గోడ చూసింది. నీలిగీత టైల్స్ అంటించకుండా మళ్లీ పెట్టెల్లోకే చేరి ఉన్నాయి. గట్టు మీద అరవై దగ్గర పెట్టిన సుద్దగీత అలాగే ఉంది. తిరిగొచ్చి, కత్తెర చేతిలోకి తీసుకుంది. రెండుసార్లు ఊరికే తెరిచి మూసింది. సంగీతం టీచరు కోటుకని టేపక్క తెచ్చి ఉంచిన కొత్త గుడ్డ టేబుల్ మీద పరిచి, సుద్దముక్క అందుకుని, ఎప్పటిలాగే తల వంచుకుని అడిగింది.

"కొలత చెప్పు వదినా."

టేపక్క మెడలో కొత్త టేపు ఉంది. టీచరు చుట్టూ టేపు తిప్పి, అంకె చూసింది. మళ్లీ చూసింది. ఆ మూడు మాటలకి జవాబు చెప్పడం ఇంత కష్టమని ఆమెకి తెలియదు.

"ముప్పై ఎనిమిది," అంది చివరికి, చిన్న గొంతుతో. మెడలోంచి టేపు తీసి టేబుల్ మీద పెట్టింది. "ఒకసారి నువ్వు కూడా కొలుచుకోమ్మా."